నోటి మాటతో పోయేది కాగితమెక్కింది: ఒక డిశ్చార్జ్ కేసు

అమెరికాలో మాజీ సైనికుల డిశ్చార్జ్ పత్రాలు సరిచేయించడం నా పని. అలాంటి ఒక కేసు గురించి క్లయింటు అనుమతితో రాస్తున్నాను. ఆయన పేరు, ఏ దళంలో చేశారు, ఏ బేస్‌లో ఉన్నారు అన్నవి చెప్పను. గుర్తుపట్టే వీలున్న చిన్న వివరాలు కొన్ని మార్చాను.

ఆయన మా దగ్గరికి వచ్చింది 2019లో. వయసు డెబ్భై దాటింది. ప్లాస్టిక్ కవర్లోంచి ఒక్క కాగితం తీసి బల్ల మీద పెట్టారు. యాభై ఏళ్లుగా మడతలు పడీపడీ మడత దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. సైన్యం నుంచి బయటికొచ్చే ప్రతి ఒక్కరికీ ఇచ్చే కాగితమే అది, డీడీ 214 అంటారు. ఆయన పిల్లలకు కూడా ఎప్పుడూ చూపించలేదట. ఇల్లు మారినప్పుడు పోయిందని చెప్పేశారట.

ఆ కాగితంలో మూడు గడులు ముఖ్యం: డిశ్చార్జ్ ఏ రకం, కారణం ఏమిటి, కోడ్ ఏమిటి. ఆ రోజుల్లో రకాలు ఐదు, మంచి నుంచి చెడుకు వరసగా. ఆనరబుల్, జనరల్, అన్‌డిజైరబుల్, బ్యాడ్ కాండక్ట్, డిసానరబుల్. చివరి రెండూ కోర్టు మార్షల్, అంటే సైనిక కోర్టు విచారణ, జరిగి శిక్ష పడితేనే వస్తాయి. మూడోదానికి కోర్టు అక్కర్లేదు, ఆఫీసు ఫైలు చాలు. ఆయన కాగితం మీద ఉన్నది ఆ మూడోది. తెలుగులో చెప్పాలంటే 'మాకు అక్కర్లేనివాడు' అని. 1977లో దాని పేరు మార్చారు గానీ అప్పటికే ఆ ముద్ర పడినవాళ్ల బతుకుల్లో మారిందేమీ లేదు. కోడ్ సంగతి ఇంకా అన్యాయం. దాని అర్థం సైనికుడికి చెప్పేవారు కాదు. ఉద్యోగాలిచ్చే కంపెనీల దగ్గర మాత్రం ఆ కోడ్ల జాబితాలు తిరుగుతుండేవి. 1974లో గానీ కాగితం మీద కోడ్ వేయడం ఆపలేదు.

కథ క్లుప్తంగా ఇది. నల్లజాతి కుటుంబం, పెద్దగా చదువు లేదు. 1968 మే నెలలో మూడేళ్లకు స్వచ్ఛందంగా చేరారు. మెకానిక్ పని నేర్పుతామన్నారు, ఇన్‌ఫాంట్రీలో, అంటే కాల్బలంలో, వేశారు. ప్రవేశ పరీక్షలో ఆయన మార్కులు కింది వర్గంలో ఉన్నాయి. అంతకు ముందు అలాంటివాళ్లను తీసుకునేవారు కాదు. 1966లో రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా 'ప్రాజెక్ట్ 100,000' పేరుతో ఆ గీత కిందికి దించారు. పేదరికం నుంచి బయటపడేసే పథకమని చెప్పారు. 1971 దాకా సుమారు మూడున్నర లక్షల మందిని అలా తీసుకున్నారు, అందులో పది మందికి నలుగురు నల్లజాతివాళ్లు. పథకం వెనక మంచి ఉద్దేశం లేదని నేను అనను. కానీ వియత్నాంలో సైనికులు కావలసి వచ్చిన సమయంలోనే ఆ మంచి ఉద్దేశం కలిగింది.

ఆయన వియత్నాంలో ఏడాది చేశారు, పతకాలతో తిరిగొచ్చారు. అప్పటికి రెండేళ్ల సర్వీసులో ఒక్క మచ్చ లేదు. ప్రవర్తన గడిలో ప్రతిసారీ 'ఎక్సలెంట్' అనే ఉంది. తర్వాత స్వదేశంలోని ఒక బేస్‌కు పంపారు. అక్కడ తొమ్మిది నెలల్లో నాలుగు ఆర్టికల్ 15లు. అంటే కోర్టు లేకుండా కమాండరే విధించే శిక్షలు: జీతం కోత, అదనపు డ్యూటీ, ర్యాంకు తగ్గింపు లాంటివి. జుట్టు పొడవుగా ఉందని మొదటిది. మెస్ హాలు లైన్లో స్నేహితుడితో 'డ్యాప్' చేస్తూ లైను ఆపారని రెండోది. డ్యాప్ అంటే నల్లజాతి సైనికులు వియత్నాంలో అలవాటు చేసుకున్న కరచాలనం. పిడికిళ్లు తాకించి, వేళ్లు కలిపి, గుండెకు తాకించి, వరసగా సాగుతుంది. ఉదయం హాజరుకు ఆలస్యమయ్యారని మూడోది. గడ్డం గీసుకోమంటే గీసుకోలేదని నాలుగోది. మళ్లీ అదే గడ్డం విషయంలో ఈసారి 'ఆజ్ఞ ధిక్కారం' అని కోర్టు మార్షల్ అభియోగం పెట్టారు. కోర్టుకెళ్తే జైలు, దీని మీద సంతకం పెడితే ఇంటికి అన్నారు. 1971 ఫిబ్రవరిలో సంతకం పెట్టారు. ఇంకో మూడు నెలలుంటే మూడేళ్లూ పూర్తయ్యేవి.

"ఇంటికెళ్తావు అన్నారు, అంతే విన్నాను" అన్నారాయన.

ఆ ఒక్క సంతకంతో మాజీ సైనికుల ఆసుపత్రి, చదువు సాయం, ఇంటి రుణం హామీ, అన్నీ చేజారాయి. పోనీ ప్రభుత్వం దిద్దుబాటు చేయలేదా అంటే, ఒకసారి చేసింది. 1977లో అధ్యక్షుడు కార్టర్ ప్రభుత్వం ప్రత్యేక సమీక్ష పెట్టింది. 1964 ఆగస్టు నుంచి 1973 మార్చి దాకా వచ్చిన డిశ్చార్జ్‌లు దాని కిందికి వస్తాయి. వియత్నాంలో డ్యూటీ కాలం పూర్తి చేసినవాళ్లకు, పతకాలున్నవాళ్లకు మార్పు దాదాపు ఖాయం. మా క్లయింటు కళ్లు మూసుకుని గెలిచేవారు. కానీ దరఖాస్తుకు ఇచ్చిన గడువు ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ ఆయన పని కోసం ఊళ్లు తిరుగుతున్నారు, ఆ సంగతి చెవిన పడలేదు. పైగా అదే ఏడాది అక్టోబరులో అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, ఇంకో చట్టం చేసింది: ఈ సమీక్షలో కాగితం మారినా, మామూలు ప్రమాణాలతో రెండోసారి పరిశీలించాకే సౌకర్యాలు ఇస్తామని. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం ఈ రంగంలో పాత అలవాటే.

ఇప్పుడు నా తప్పు గురించి.

రికార్డులు తెప్పించడానికి కొన్ని నెలలు పట్టింది. సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రంలో 1973 జూలైలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. అందులో కాలినవి ఎక్కువగా 1960లకు ముందు వెళ్లిపోయినవాళ్లవి కాబట్టి మా ఫైలు దక్కింది. చదువుతుంటే ప్రతి శిక్ష కింద ఒకే ప్లటూన్ సార్జెంట్ (చిన్న సైనిక జట్టును చూసే అధికారి) ఫిర్యాదు. నాకు కోపమొచ్చింది. మొదటి డ్రాఫ్టు మొత్తం ఆ సార్జెంట్ మీదే రాశాను. జాత్యహంకారి, కక్షగట్టాడు, వగైరా. తలపండిన మా సీనియర్ ఒకావిడ చదివి, "ఆయన మనసులో ఏముందో నీకెలా తెలుసు? ఒక్క బూతు మాట అన్నాడని సాక్ష్యం ఉందా?" అని అడిగారు. లేదు. క్లయింటును అడిగితే ఆయన కూడా, "సార్జెంట్ నన్నెప్పుడూ ఆ మాట అనలేదు. కాగితం మాత్రం రాసేవాడు" అన్నారు.

ఆ మాట దగ్గరే కేసు మలుపు తిరిగింది. సైన్యంలో వివక్ష అనగానే మనం ఒక దుర్మార్గుణ్ని వెతుకుతాం. వాడు దొరక్కపోతే వివక్షే లేదనుకుంటాం. నేనూ అదే చేశాను. అసలు చూడాల్సింది సార్జెంటుకు ఆ కాగితం రాసే వీలు ఎక్కడి నుంచి వచ్చిందీ అన్నది. జుట్టు ఎంతుంటే పొడవు, ఏది ఆలస్యం, దేన్ని మందలింపుతో వదిలేయాలి, దేన్ని ఫైలుకెక్కించాలి, ఇవన్నీ నిబంధనలు పైవాడి విచక్షణకు వదిలేశాయి. ఆ విచక్షణ చివర జీవితాంతం చెరగని ముద్ర పెట్టింది కూడా విధానమే.

ఈ ఏర్పాటు ఎప్పటిదో చూస్తే సంగతి తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో 'బ్లూ డిశ్చార్జ్' ఉండేది, నీలం కాగితం మీద ఇచ్చేవారు. అది ఆనరబుల్ కాదు, డిసానరబుల్ కాదు. విచారణ లేకుండా వదిలించుకోవడానికి కమాండర్లకు చేతికందిన సాధనం. 1941 డిసెంబరు నుంచి 1945 జూన్ దాకా సైన్యం అలాంటివి 48,603 ఇచ్చింది. వాటిలో 10,806 నల్లజాతివాళ్లకు, అంటే నూటికి 22. అప్పటి సైన్యంలో నల్లజాతివాళ్లు నూటికి ఏడుగురు కూడా లేరు. స్వలింగ సంపర్కులన్న అనుమానంతో పంపేసినవాళ్లకూ ఇదే కాగితం. యుద్ధం నుంచి వచ్చినవాళ్లకు చదువు, ఇంటి రుణం ఇచ్చే 1944 నాటి జీఐ బిల్లు చట్టం డిసానరబుల్ వాళ్లనే స్పష్టంగా పక్కన పెట్టింది. నీలం కాగితం వాళ్లకు కూడా ఇవ్వకూడదని నిర్ణయించుకున్నది దాన్ని అమలు చేసిన శాఖ. నల్లజాతి పత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్ దీని మీద గట్టిగా పోరాడింది. 1947లో నీలం కాగితం రద్దయింది. దాని స్థానంలో వచ్చినవే జనరల్, అన్‌డిజైరబుల్. రంగు పోయింది గానీ పని అదే.

ఆ మరుసటి ఏడాది, 1948 జూలై 26న, అధ్యక్షుడు ట్రూమన్ 9981 నంబరు ఉత్తర్వు ఇచ్చారు. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూడకుండా సైన్యంలో అందరికీ సమాన అవకాశమని. అంతకు ముందు వివక్ష దాపరికం లేని ప్రభుత్వ విధానం: విడి దళాలు, విడి బ్యారక్‌లు, నల్లజాతివాళ్లకు నూటికి పది మించని కోటా. 1925లో ఆర్మీ వార్ కాలేజీ నివేదిక ఒకటి నల్లజాతివాళ్లకు యుద్ధంలో నాయకత్వం వహించే సత్తా లేదని శాస్త్రంలా రాసిపెట్టింది, ఆ ఆలోచనతోనే చాలా కాలం నడిపారు. ఉత్తర్వు వచ్చాక కూడా ఆర్మీ మొండికేసింది. 1950లో కోటా ఎత్తేశారు. కొరియా యుద్ధంలో మనుషులు చాలక తెల్లదళాల్లో నల్లజాతి సైనికుల్ని కలపక తప్పలేదు. చివరి విడి దళం రద్దయ్యేసరికి 1954. ఆరేళ్లు ఆలస్యమే, కాదనను. కానీ గమనించండి, కోటా అని, విడి దళం అని రాసి ఉన్నాయి కాబట్టే ఒక సంతకంతో వాటిని కొట్టేయగలిగారు. అన్‌డిజైరబుల్ డిశ్చార్జ్ నిబంధనలో జాతి అన్న మాటే లేదు. లేని మాటను ఎవరు కొట్టేస్తారు?

అందుకే అర్జీ కొత్తగా రాశాను. డిశ్చార్జ్ సమీక్ష బోర్డుకు వెళ్లడానికి పదిహేనేళ్ల గడువు, అది ఎప్పుడో 1986లోనే దాటిపోయింది. మిగిలింది రికార్డుల సవరణ బోర్డు. దానికీ మూడేళ్ల గడువుంది కానీ న్యాయం కోసం అవసరమనుకుంటే బోర్డు దాన్ని పక్కన పెట్టొచ్చు.

మూడు ఆధారాలు పోగుచేశాం. మొదటిది ఫైల్లోనే ఉంది. కోర్టు మార్షల్ అభియోగం చదివి వినిపించిన తేదీ, లాయరుతో మాట్లాడానన్న తేదీ, హక్కులు వదులుకుంటూ పెట్టిన సంతకం తేదీ, మూడూ ఒకటే. ఇరవై రెండేళ్ల మనిషి యాభై ఏళ్ల జీవితాన్ని ఒక్క పూటలో రాసిచ్చేశాడు.

రెండోది చర్మ వైద్యుడి లేఖ. బిరుసుగా, రింగులు తిరిగి పెరిగే వెంట్రుకల్ని దగ్గరగా గీస్తే అవి మళ్లీ చర్మంలోకే గుచ్చుకుని పుండ్లవుతాయి. సూడోఫోలిక్యులైటిస్ అంటారు, నల్లజాతి మగవాళ్లలో చాలా మందికి ఉంటుంది. ఆయన దవడ మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. 'అందరూ రోజూ గడ్డం గీసుకోవాలి' అన్న నిబంధనలో జాతి ఎక్కడుంది? ఎక్కడా లేదు. దాని నొప్పి మాత్రం కొందరి చర్మానికే.

మూడోదాని కోసం నాలుగు నెలలు తిరిగాం. అదే ప్లటూన్లో చేసిన ఒక తెల్లజాతి సైనికుడు దొరికారు. ఆయన రాసిన లేఖ ఒక్క పేజీ. సారాంశం ఇది: నా జుట్టు కూడా పొడవుగానే ఉండేది. సార్జెంట్ నన్ను ఆపి, రేపటికల్లా కత్తిరించుకోమన్నాడు. నేను రెండు రోజులాగి కత్తిరించుకున్నాను. హాజరుకు ఆలస్యమైతే పుషప్స్ తీయించాడు. నా ఫైల్లో ఇవేవీ ఉండవు. అతని ఫైల్లో ఉంటాయని అప్పుడు నాకు తెలియదు.

ఇంతకంటే బలమైన సాక్ష్యం నా సర్వీసులో తక్కువ చూశాను. ఒకరికి నోటి మాటతో పోయింది, ఇంకొకరికి కాగితమెక్కింది. నాలుగు కాగితాలు పోగైతే 'నమూనా' అంటారు, అంటే పదేపదే తప్పు చేసే తీరని. నమూనా ఉన్నవాడికి ఐదోసారి కోర్టు మార్షల్.

ఇది మేం కొత్తగా కనిపెట్టిన వాదనేం కాదు. 1972లో రక్షణ మంత్రి మెల్విన్ లెయిర్డ్ సైనిక న్యాయం మీద ఒక టాస్క్‌ఫోర్స్ వేశారు. పౌరహక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ న్యాయవాది నథానియల్ జోన్స్ అందులో సహాధ్యక్షులు. ఉద్దేశపూర్వక వివక్ష వేరు, తటస్థంగా కనిపిస్తూనే కొందరి మీదే భారం మోపే పద్ధతి వేరు అని ఆ నివేదిక విడదీసి చెప్పింది. చదువు, పరీక్ష మార్కులు సమానంగా ఉన్నవాళ్లను పోల్చినా నల్లజాతివాళ్లకు ఆనరబుల్ డిశ్చార్జ్‌లు తక్కువ దక్కాయని తేల్చింది. మా క్లయింటు బయటికొచ్చిన మరుసటి ఏడాదే.

విధానం మారితే ఎంత తేడా వస్తుందో ఆ రోజుల్లోనే కనిపించింది కూడా. 1969 సెప్టెంబరులో మెరైన్ దళాధిపతి లెనార్డ్ చాప్‌మన్ ఒక ఆదేశం పంపారు. కొలతల్లో, శుభ్రంగా ఉంటే ఆఫ్రో జుట్టు తప్పు కాదని, డ్యూటీ బయట పిడికిలెత్తి పలకరించుకోవడం కూడా తప్పు కాదని. అంతకు ముందు రోజు శిక్ష పడే పని మరునాటికి నేరమే కాకుండా పోయింది. మనుషులు వాళ్లే, జుట్టూ అదే. అర్జీలో దీనికి రెండు పేజీలు ఇచ్చాను.

ఎందుకంటే 2018 జూలైలో అప్పటి రక్షణ శాఖ అండర్ సెక్రటరీ రాబర్ట్ విల్కీ పేరుతో బోర్డులకు ఒక మెమో వెళ్లింది. ఇదే పరిస్థితిలో ఈరోజు మెరుగైన ఫలితం వచ్చేదనుకుంటే దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని, సర్వీసు రికార్డు బయటి సాక్ష్యాలు కూడా చూడాలని అందులో ఉంది. యుద్ధం తాలూకు మానసిక గాయాలున్నవాళ్ల పట్ల ఉదారంగా ఉండమని 2014లో, 2017లో వచ్చిన మెమోలు కూడా జత చేశాం. ఆయనకు ఆ లక్షణాలు ఉన్నాయి. 1971లో ఆ జబ్బుకు పేరే లేదు, వైద్య గ్రంథాల్లోకి ఎక్కింది 1980లో.

ఇరవై ఒక్క నెలలు ఎదురుచూశాం. ఆయనకంటే నాకే టెన్షన్, ఈ వయసు క్లయింట్లతో కాలం మన చేతిలో ఉండదు. తీర్పు వచ్చింది: డిశ్చార్జ్ 'జనరల్'కు మారింది. కారణం గడిలో 'సెక్రటరీ అధికారం' అని వేశారు, కోడ్ మార్చారు. ఆసుపత్రి తలుపు తెరుచుకుంది. చదువు సాయానికి ఆనరబుల్ కావాలి కాబట్టి అది రాలేదు, ఈ వయసులో ఆయన దాన్ని అడగనూ లేదు.

సగం గెలుపని మావాళ్లు సంబరపడ్డారు. నాకు మాత్రం తీర్పులో ఒక పేరా మింగుడుపడలేదు. జాతి వివక్ష జరిగిందనడానికి రికార్డులో తగిన ఆధారం లేదని, సర్వీసు, వయసు, ఆరోగ్యం చూసి దయతో ఊరటనిస్తున్నామని అందులో రాశారు. దేశమంతటి లెక్కలు ఒక మనిషి కేసును రుజువు చేయవన్నారు. చట్టం దృష్ట్యా ఆ మాటలో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. కానీ రికార్డులో ఆధారం ఎలా ఉంటుంది? తెల్లజాతి కుర్రాడికి పడని శిక్షకు కాగితం ఉండదు కదా. 2019 మేలో అమెరికా ప్రభుత్వ అకౌంటబిలిటీ ఆఫీసు ఇచ్చిన నివేదిక కూడా దాదాపు అదే చెప్పింది. శిక్షలు పడ్డవాళ్ల జాతి వివరాలు దళాలన్నీ ఒకే తీరుగా నమోదు చేయడం లేదని, చిన్న శిక్షల విషయంలో మరీ అని. అదే నివేదికలో ఇంకో సంగతి నాకు బాగా పట్టింది. హోదా, చదువు లాంటివి లెక్కలోకి తీసుకున్నా, పెద్ద కోర్టు మార్షల్స్ దాకా వెళ్లే అవకాశం నల్లజాతివాళ్లకు అన్ని దళాల్లోనూ ఎక్కువ. అక్కడ దోషిగా తేలడంలో మాత్రం జాతి పెద్ద తేడా చూపలేదు. అంటే సాక్ష్యం, లాయరు, జడ్జి ఉన్న గదిలో తేడా తగ్గుతోంది. ఎవరి మీద కాగితం రాయాలో ఒక్కరే నిర్ణయించే గదిలో ఉంటోంది.

అత్యాచారం, హత్య లాంటి కొన్ని తీవ్ర నేరాల్లో ఆ నిర్ణయాన్ని కమాండర్ల చేతి నుంచి తీసి ప్రత్యేక ప్రాసిక్యూటర్లకు ఇచ్చారు, 2023 డిసెంబరు చివర్నుంచి అమల్లో ఉంది. మంచిదే. మా క్లయింటు లాంటివాళ్ల చిన్న తప్పులు మాత్రం ఇప్పటికీ కమాండరు బల్ల మీదే. ఇక గడ్డం విషయం వెనక్కి నడిచింది. 2025 ఆగస్టులో రక్షణ మంత్రి పీట్ హెగ్సెత్ జారీ చేసిన మెమో ప్రకారం, ఏడాది చికిత్స తర్వాత కూడా గడ్డం మినహాయింపు కావలసినవాళ్లను సర్వీసు నుంచి పంపేసే ఆలోచన చేయాలి. అందులోనూ జాతి అన్న మాట లేదు.

కొత్త డీడీ 214 వచ్చిన రోజు ఆయనకు చదివి వినిపించాను. 'సెక్రటరీ అధికారం' అంటే ఏమిటన్నారు. ఏమీ లేదు, కారణం చెప్పకుండా మార్చారని అర్థం అన్నాను. "అప్పుడు తీసేసినప్పుడు మాత్రం కారణాలు చాలా రాశారు" అన్నారు.

కొత్త సాక్ష్యం ఉంటే పునఃపరిశీలన అడగొచ్చు. ఆయన అడుగుదామన్నారు. ఆసుపత్రి సంగతి తేలిపోయింది, ఇప్పుడు ఆయనకు కావలసింది ఆ పేరా మారడం. మేమిప్పుడు ఆయన దళం (సైన్యంలో దాన్ని కంపెనీ అంటారు) ఆఫీసులో పనిచేసిన క్లర్క్ కోసం వెతుకుతున్నాం. ఆ నాలుగు ఆర్టికల్ 15లూ టైప్ చేసింది ఆ మనిషే. ఏవి టైప్ చేయమన్నారో, ఏవి వద్దులే వదిలేయ్ అన్నారో ఆయనకు గుర్తుండొచ్చు.